మంచి ఎదురు

మా గల్లీలో ఇరవై ఆరేళ్లు నేను మంచి ఎదురును. ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేదు. జీతం లేదు, సెలవులు లేవు. తీసివేత మాత్రం ఉంది.

నా అసలు ఉద్యోగం వేరే. చొప్పదండి వైపు ఒక పల్లెలో, ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మా ఊరు సాంచెల ఊరు. పవర్‌లూమ్‌ను మా వైపు సాంచె అంటారు. మా ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు సాంచెలు నడిపేవాడు. గల్లీలో పద్నాలుగు ఇళ్లుంటే తొమ్మిదింట్లో సాంచెలున్నాయి. పొద్దున్నే అవి మొదలైతే పక్కనున్న మనిషికి కూడా అరిచి చెప్పాలి. మా ఊరివాళ్లు ఎక్కడికి వెళ్లినా పోట్లాడుతున్నట్టు మాట్లాడతారని బయట పేరు. పోట్లాట కాదు, అలవాటు.

ఈ ఎదురు సంగతి పక్కింటి చెల్లె మరిదితో మొదలైంది. చెల్లె అంటే తోడబుట్టినది కాదు. గోడ ఒకటే కావడం వల్ల వచ్చిన వరస. ఆమె మరిది పోలీసు సెలెక్షన్‌కు బయలుదేరిన పొద్దున నేను బోరింగు దగ్గర నుంచి నీళ్ల బిందెతో వస్తూ ఎదురయ్యాను. అతనికి ఉద్యోగం వచ్చింది. అంతకుముందు ఏడాదిపాటు అతను రోజూ తెల్లవారకముందే ఊరి బయటి రోడ్డు మీద పరుగెత్తాడు. గల్లీ అంతా చూసింది. చూసి కూడా, ఉద్యోగం నా బిందె వల్ల వచ్చిందని తేల్చింది.

అప్పటి నుంచి ముందురోజే వచ్చి చెప్పిపోయేవాళ్లు.

"అక్కా, రేపు పొద్దుగాల ఏడింటికి జర ఎదురు రావే."

పరీక్షకు పోయేవాళ్లు, పెళ్లిచూపులకు పోయేవాళ్లు, భూమి రిజిస్ట్రేషన్‌కు పోయేవాళ్లు, కాన్పుకు పోయేవాళ్లు. నేను బిందె నింపుకుని గల్లీ మూలన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడేదాన్ని. వాళ్లు గడప దాటగానే నడిచి రావాలి. బిందె నిండుగా ఉండాలి, తొణకకూడదు, నేను నవ్వాలి. బిందె గురించి ఎప్పుడూ మాట రాలేదు. నవ్వు గురించి ఫిర్యాదులుండేవి.

"గట్ల పరీక్ష పేపర్ దిద్దుతున్నట్టు చూడకే అక్కా," అనేది చెల్లె. "పిల్లగాడు బెదురుతుండు."

లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి ఎవరి పని అయిందో, ఎవరిది కాలేదో మనసులో పెట్టుకునేదాన్ని. నేను ఎదురొచ్చిన వాళ్లలో పని అయినవాళ్లు సగానికి కొంచెం తక్కువ. నేను ఎదురు రాకుండా పోయినవాళ్లలోనూ దాదాపు అంతే. ఈ మాట ఒకసారి చెల్లెతో అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ ఒక్క క్షణం చేట ఆపింది.

"పని కానోళ్లు నీ దిక్కు సరిగ చూడలే అక్కా. నేల చూసుకుంట పోయిన్రు," అంది.

మళ్లీ ఎవరు పిలిచినా వెళ్లాను. పిలిస్తే కాదనడం మర్యాద కాదని వెళ్తున్నానని చెప్పుకునేదాన్ని. మా ఆయనకు ఇదంతా వేడుక. షెడ్డులోంచి కేకేసేవాడు.

"గీ సాంచెకు కూడ జర ఎదురు రావే! పొద్దటి సంది పోగులు తెగుతున్నయ్."

నేను రిటైరైన మూడో ఏడు, శ్రావణంలో, ఆయనకు ఛాతీలో మంట మొదలైంది. గ్యాసు అన్నాడు. కరీంనగర్ పోయి చూపించుకుందామని మొదటి రోజు చెప్పాను, రెండో రోజూ చెప్పాను. సాంచె మీదికి కొత్త నూలు ఎక్కించి ఉంది. "గీ భీము అయిపోనీ, పోదాం," అన్నాడు. నూలు చుట్టిన ఆ పెద్ద దుంగనే భీము అంటారు. అది ఖాళీ అయ్యేదాకా సాంచె ఆపడం నేతగాడికి అన్నం మధ్యలో లేచినట్టు ఉంటుంది. నాలుగో రోజు భీము అయిపోయింది. ఆయన స్నానం చేసి ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. ఆటో వచ్చి గల్లీ మొదట్లో ఆగింది.

గడప మీద నిలబడి గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. "ఊరందరికి ఎదురస్తవ్. నాకు రావా?"

"ఆటోవాడు ఆగుతాడా?"

"ఆగుతడు తియ్. రా."

బిందె నింపుకుని ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి తిరిగి వచ్చాను. బిందె తొణకలేదు. నవ్వాను కూడా. ఆ నవ్వు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. బిందె అరుగు మీద దించి ఆయన పక్కన ఆటో ఎక్కాను. సాయంత్రం కరీంనగర్ నుంచి నేను వచ్చాను, ఆయన్ని తెచ్చారు.

దినాలు అయిపోయాక ఒక గురువారం పొద్దున పాలకు బయలుదేరాను. చెల్లె ఇంటి తలుపు తెరుచుకుంటూ ఉండింది. నన్ను చూసి మళ్లీ మూసుకుంది. నాలుగిళ్ల అవతల ఒకాయన బండి స్టార్ట్ చేయబోయి, చేయకుండా, ఫోన్ తీసి చూసుకున్నాడు. నేను దాటిపోయాక బండి చప్పుడు వినిపించింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. మనిషి అదే, చెప్పులు అవే, నడక అదే. బొట్టు లేదు. భర్త పోయిన ఆడది ఎదురొస్తే పని కాదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

అప్పటి నుంచి పొద్దున బయటకు పోవడం మానేశాను. పది దాటాక, పరీక్షలకూ పెళ్లిచూపులకూ పోయేవాళ్లంతా వెళ్లిపోయాక, తలుపు తీసేదాన్ని. అంతకుముందు పోవాల్సి వస్తే కిటికీ రెక్క కొంచెం తీసి గల్లీ ఖాళీగా ఉందో లేదో చూసేదాన్ని. వాళ్లకు ఇబ్బంది ఎందుకని. ఆరేళ్లు ఇలా గడిచాయి. వాళ్ల కోసమే చేస్తున్నానని నమ్మకంగా ఉండేది. మంచిపనులు చేసే వాళ్లకు ఉండే తృప్తి కూడా కొంచెం ఉండేది.

ఈ మధ్య కుడి కన్ను మసకబారింది. మొదట అద్దాలు సరిగ్గా తుడవలేదనుకున్నాను. కరీంనగర్‌లో కంటి డాక్టరమ్మ చూసి శుక్లం అంది. ఎడమ కంటిలో కూడా మొదలైందట, కానీ కుడిది బాగా ముదిరింది, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమవుతుంది, తరవాత చూపు ఎంత వస్తుందో చెప్పలేనని నిదానంగా, రెండుసార్లు చెప్పింది. పొద్దున తొమ్మిదిలోపు, ఏమీ తినకుండా రావాలంది. మా బిడ్డ ఆదిలాబాద్‌లో ఉంటుంది, అక్కడ అంగన్‌వాడీలలో సూపర్‌వైజరు. ఆపరేషన్ రోజు తాను నేరుగా కరీంనగర్ ఆసుపత్రికి వస్తానంది. నేను చేయవలసింది ఏడున్నర బస్సు ఎక్కడం. అంతే.

మొదటిసారి తలుపు తీయగానే పిల్లి అడ్డం పోయింది. ఎడమ నుంచి కుడికి. లోపలికి వచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని లేవాలని నియమం. తినకూడదన్నారు, నీళ్ల గురించి ఏమన్నారో గుర్తు లేదు. ఆ ఆలోచనలో బస్సు పోయింది.

రెండోసారి బోరింగు దగ్గరికి పోతూ ఎవరో ఖాళీ బిందెతో ఎదురయ్యారు. నిండు బిందె విలువ తెలిసినదాన్ని; ఖాళీ బిందెను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

మూడోసారి తుమ్ము. దాని గురించి కొంచెం చెప్పాలి. మా గల్లీలో సాంచెలు నడుస్తుంటే ఎవరు ఎంత గట్టిగా తుమ్మినా పక్కింటికి వినపడదు. ఆ పొద్దున నేను గొళ్లెం తీస్తుండగా కరెంటు పోయింది. గల్లీలో సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల ఎవరో తుమ్మారు. ఒక్క తుమ్ము చెడ్డది, రెండైతే దోషం లేదు. రెండోది వస్తుందేమోనని ఆగాను. బస్సు ఆగలేదు.

మూడుసార్లూ మా బిడ్డ ఆదిలాబాద్ నుంచి బయలుదేరి సగం దారి వచ్చింది. మూడోసారి ఫోన్లో నిజం చెప్పాను, పిల్లి దగ్గర నుంచి తుమ్ము దాకా వరసగా. వెనక బస్టాండు చప్పుడు.

"అవ్వా, గా పిల్లి ఏడికి పోతుండెనో అడిగినవా?"

"పిల్లిని అడుగుతారా?"

"దానికి గూడ ఏదో పనుండె గదా. నువ్వు ఎదురొచ్చినవ్. దాని పని అయిందో కాలేదో పాపం."

"నవ్వులాటగా ఉందా?"

"నవ్వుతలేనవ్వా. లీవులు అయిపోయినయ్. మంగళవారం ఆఖరు. నువ్వు రాకుంటే నేనే అచ్చి చేయి పట్టుకొని తీస్కపోత. గల్లీలున్నోళ్లందరు చూడంగ."

చివరి మాట నాకు నచ్చలేదు. చేయి పట్టుకుని బడికి తీసుకుపోయిన పిల్ల అలా అంటే నచ్చదు. మంగళవారం తప్పకుండా పోవాలని నిశ్చయించుకున్నాను.

సోమవారం సాయంత్రం మా ఇంటికి ఎదురుగా కొత్త షట్టర్ గదికి అద్దాల తలుపు బిగించారు. బ్యూటీ పార్లర్ అట. నేను అప్పుడు లోపల సంచి సర్దుకుంటున్నాను, చూడలేదు. మంగళవారం పొద్దున కిటికీ రెక్క తీసి చూశాను. గల్లీ ఖాళీ. పిల్లి లేదు, బిందె లేదు. సాంచెలు గట్టిగా నడుస్తున్నాయి కాబట్టి తుమ్ముల బెడద కూడా లేదు. తలుపు తీసి గడప దాటాను.

తెల్లచీర లాంటిది కట్టుకున్న ఒక ముసలామె సంచి పట్టుకుని నేరుగా నాకు ఎదురొస్తోంది. బొట్టు లేదు.

నాకు చాలా కోపం వచ్చింది. కిటికీలోంచి చూసుకుని బయటకు రావాలని ఈమెకు తెలియదా అనిపించింది. ఆరేళ్లుగా నేను ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. గబుక్కున వెనక్కి అడుగేసి గడప లోపల నిలబడ్డాను. ఆమె కూడా వెనక్కి అడుగేసింది. పోనీ, మర్యాద తెలిసిన మనిషే అనుకున్నాను. ఆమె పోయిందో లేదో అని తొంగి చూశాను. ఆమె కూడా తొంగి చూసింది.

సంచిని బట్టి గుర్తుపట్టాను. ఒక పిడి తెగితే నేనే ముడి వేశాను.

లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. నీళ్లు తాగలేదు. నవ్వు వచ్చింది, ఎక్కువసేపు నిలవలేదు. గడియారం ఏడూ ముప్పావు చూపిస్తోంది. ఏడున్నర బస్సు పోయింది. ఎనిమిదింపావుకు ఇంకొకటి ఉంది. మధ్యలో ఉన్న సమయంలో, ఎప్పుడో వేయవలసిన లెక్క ఒకటి వేశాను.

ఈ ఆరేళ్లలో నన్ను చూసి తలుపు మూసుకున్నది, ఆగినది కలిపి ఎన్నిసార్లు? నాకు రూఢిగా తెలిసినవి రెండు. ఆ గురువారం చెల్లె తలుపు, ఆ బండాయన. మిగతా పొద్దులన్నీ మూసింది నా తలుపు. మూసింది నేను. వాళ్లకు అవకాశం కూడా ఇవ్వలేదు. మరి వాళ్ల కోసమే అన్నది ఎక్కడ నుంచి వచ్చింది?

అక్కడ లెక్క వెనక్కి పోయింది. నేను దాక్కున్నది బొట్టు లేనందుకు కాదు. ఆయనకు నేను బిందెతో ఎదురొచ్చాను. ఆ సంగతి గల్లీలో ఎవరూ ఎత్తలేదు, చెల్లె కూడా ఎత్తలేదు. నేను మాత్రం ఆరేళ్లు రోజూ ఎత్తుకున్నాను. ఏం తప్పు చేశాను, బిందె నిండలేదా, తొందరగా నడిచానా, ముందు ఆయన నన్ను చూశాడా, ఆటోను చూశాడా. పైకి శకునాలను నవ్వే మనిషిని. లోపల మాత్రం పోలీసు ఉద్యోగం నా బిందెదే అని ఇరవై ఆరేళ్లు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. మూలన నిలబడి ఉంటే, గడప మీద అందరూ నా నడక కోసం ఆగి ఉంటే, బాగుండేది. మర్యాద అన్నది తరవాత అతికించిన పేరు.

ఆ ఉద్యోగం నాదైతే ఈ చావూ నాదే. చావు నాది కాకపోతే ఆ ఉద్యోగం, ఆ కాన్పులు, ఆ రిజిస్ట్రేషన్లు ఏవీ నావి కావు. ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేస్తానంటే లెక్క కుదరదు. నాలుగో తరగతి పిల్లవాడు అలా వేస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆ పోలీసాయన పరుగెత్తాడు. మా ఆయన భీము అయిపోయేదాకా ఆగుదామన్నాడు. రెండుసార్లు చెప్పినా ఆగుదామన్నాడు. అది ఆయన తీసుకున్న నిర్ణయం. దాన్ని కూడా ఆయన దగ్గర నుంచి లాక్కుని నేను మోశాను.

ఇక మిగిలింది మూడు బస్సులు. ఈ రోజుతో నాలుగు. అవి పిల్లివి కావు, బిందెవి కావు, తుమ్మినవాళ్లవి కావు. ఆయన భీము కోసం ఆగాడు, నేను రెండో తుమ్ము కోసం ఆగాను. కన్ను పోతే నా బదులు పిల్లి చూసిపెట్టదు.

ఎనిమిదికి తలుపు తీశాను. అద్దంలోని ఆమె కూడా బయలుదేరింది. తాళం వేసి తిరిగేసరికి చెల్లె వాళ్ల గడప మీద ఉంది. ఆమె చిన్నబిడ్డ టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్షకు పోతోంది. కాళ్లకు బూట్లు, చేతిలో పారదర్శకమైన కవరు, నుదుట రెండు బొట్లు. తల్లి గల్లీ రెండువైపులా చూస్తోంది. నన్ను చూసి ఆమె ముఖం ఎలా మారిందో మసక కంటికి కూడా కనిపించింది.

"అక్కా, జర ఆగవా? పిల్ల పోతుంది," అంది. గొంతు బతిమాలుతున్నట్టే ఉంది.

ఆరేళ్లుగా నేను జవాబు చెప్పనవసరం లేకుండా చూసుకున్న మాట అది. కాలు వెనక్కి పోబోయింది. పోనివ్వలేదు.

"బస్సు ఆగదు చెల్లే. పిల్ల చదివిందా?"

"మస్తు చదివింది. రాత్రి పన్నెండు దాకా చదివింది."

"చదివితే ఇక నాతో ఏం పని?"

"గట్ల కాదు అక్కా..." చెల్లె కొంగు మెలిపెట్టింది. "ఇద్దరు ఒక్క దిక్కే పోతున్రు గదా. పక్కపక్కకు నడిస్తే ఎదురు కాదు గదా? నీకు తెలుస్తది, నువ్వే చెప్పు."

ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్నదాన్ని కాబట్టి నన్నే అడిగింది. కాదు, ఏం ఫికర్ పడకు అని ఒక్క మాట అంటే అందరికీ బాగుండేది.

"ఎదురే వచ్చాను. ముందు నన్నే చూసింది," అన్నాను. "రాయగలిగితే రాస్తుంది, లేకపోతే లేదు. పాసైనా పిల్లదే, ఫెయిలైనా పిల్లదే. నా మీద పెట్టకు. నా కన్నుతోనే నాకు సరిపోయింది."

చెల్లె నోరు తెరిచింది. ఆ పిల్ల మాత్రం తల్లి వైపు చూడకుండా మెట్టు దిగింది. "టైమైతాంది పెద్దమ్మా, నడువు," అంది. ఆమెకు పరీక్ష మీద తప్ప దేని మీదా ధ్యాస లేదు. బస్సులో నా పక్కన కూర్చుని దారంతా పెదవులు కదుపుతూ చదువుకుంది. ఒక్కసారి మాత్రం క.సా.గు. లెక్క ఎలా వేయాలని అడిగింది. చెప్పాను. అది నాకు వచ్చిన పని.

ఆసుపత్రి గేటు దగ్గర మా బిడ్డ నిలబడి ఉంది. నన్ను చూసి వాచీ చూసింది. "పిల్లి రాలేదా?" అంది. రాలేదన్నాను. అద్దం సంగతి ఆపరేషన్ అయ్యాక చెప్పాను. నర్సు వచ్చి కోప్పడేదాకా నవ్వింది. కంటికి కట్టు ఉంటే నవ్వకూడదట. ఆ నియమం నాకే తప్ప తనకు లేదని మా బిడ్డ వాదించింది.

ఆలస్యం ఖరీదు కొంత ఉంది. కుడి కంటితో చిన్న అక్షరాలు ఇప్పటికీ రావు, డాక్టరమ్మ ముందే చెప్పినట్టు. ఆ కొరత నాదే. దానికి వేరే పేరు పెట్టకుండా ఉండటం మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు తేలిగ్గా ఉంది. అక్షరాలు పెద్దవిగా ఉన్న పుస్తకాలు చదువుతున్నాను.

చెల్లె బిడ్డకు సీటు వచ్చింది. ఆ సాయంత్రమే చెల్లె స్వీటు పెట్టె పట్టుకుని వచ్చింది.

"నీది మంచి ఎదురే అక్కా. బావ లేకపోయినా మంచిదే. గల్లీల అందరు గదే అంటున్రు." కొంచెం ఆగి, గొంతు తగ్గించింది. "ఎల్లుండి మా పెద్దోడు బ్యాంకు లోన్ కోసం పోతుండు. పొద్దుగాల జర ఎదురు రావే."

గల్లీ నియమాన్ని సవరించుకుని నాకు పొడిగింపు ఇచ్చిందన్నమాట. నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే చూపు బిందె వైపు పోయింది. మూల, ట్రాన్స్‌ఫార్మర్, గడప మీద నా కోసం ఆగిన మనుషులు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి, ఆపరేషన్ కాని కంటికి కూడా.

"రాను," అన్నాను.

"ఎందుకే? కోపమా?"

"కోపం లేదు. కాగితాలన్నీ ఉన్నాయా చూసుకోమను. కావాలంటే పంపించు, నేను చూసిపెడతాను."

"కాగితాలు ఎవ్వరన్న చూస్తరు," అంది చెల్లె. స్వీటు పెట్టె వదిలి వెళ్లింది కానీ వారం రోజులు మాట్లాడలేదు. పింఛను తీసుకునే ఆడదానికి పొగరు ఎక్కువని గోడ అవతల అన్నది వినిపించింది. అప్పుడూ కరెంటు లేదు.

నిన్న ఎడమ కంటికి ఆపరేషన్. ఏడున్నర బస్సు. కిటికీ రెక్క తీయలేదు, నేరుగా తలుపే తీశాను. తాళం కప్ప గొళ్లానికి తగిలిస్తుండగా మళ్లీ కరెంటు పోయి సాంచెలన్నీ ఆగాయి. గోడ అవతల ఎవరో తుమ్మారు. ఒక్కటే.

"చెల్లే, నువ్వేనా? జలుబా?" అని అడిగాను.

"నేనే అక్కా. నూలు దుమ్ము," అంది. కాస్త ఆగి, "జర ఆగు, ఇంకోటి అస్తున్నట్టున్నది," అంది.

తాళం వేసి, సంచి తీసుకుని బయలుదేరాను.